కుట్టు విడిచిన చోటు

మంగళవారాలు నా బల్ల మీదికి
వెన్ను విరిగిన పుస్తకాలొస్తాయి.
కౌంటీ లైబ్రరీ నేలమాళిగ, ఒక బల్బు,
మైనం పట్టించిన నారదారం.
అవతల ఒహాయో నది మీద బార్జి కూత వేస్తే
ఇక్కడ డబ్బాలో జిగురు వణుకుతుంది.

మళ్లీ అదే వచ్చింది:
మా ఒడ్డు చరిత్ర, రెండో సంపుటం, యుద్ధమూ పరిశ్రమలూ.
ఊరి ప్రెస్సులో మూడొందల ప్రతులు వేశారట,
మాకు మిగిలింది ఇదొక్కటే.
చేతిలోకి తీసుకుంటే చాలు,
తనంతట తానే నూట పన్నెండు దగ్గర తెరుచుకుంటుంది
గడియ ఊడిన తలుపులా.

అక్కడ ఫోటో.
మొక్కజొన్న చేను చదునుచేసి కట్టిన షిప్‌యార్డు.
సముద్రం ఎన్నడూ చూడని ఆడవాళ్లు ఇరవైముగ్గురు
సముద్రం దాటబోయే ఓడ పొట్ట కింద
వెల్డింగు ముసుగులు నెత్తి మీదికి ఎత్తుకుని
పెళ్లికొచ్చినట్టు నవ్వుతున్నారు.
కింద అచ్చు: రెండో షిఫ్టు మహిళలు.
పేర్లు లేవు.
ఓడ పొడవుంది, బరువుంది, పట్టిన ఉక్కు ఎన్ని టన్నులో ఉంది.
దాని ముక్కు మీద సీసా పగలగొట్టిన దొరసాని
టోపీ గురించి ఒక పేరా ఉంది.

ఎడమ నుంచి ఆరో ఆమెకు ముఖం లేదు.
ఏ బొటనవేలో ఏళ్ల తరబడి ఆనించి ఆనించి
కాగితం నూగుతేలింది.

ఎదుటి పేజీలో
"ఆ నవంబరులో పని ఒక్క గంటైనా ఆగలేదు" అని
పుస్తకం రొమ్ము విరుచుకున్న చోట, అంచున,
సన్నటి పెన్సిలు రాత:
"ఆగింది. పద్దెనిమిది నిమిషాలు.
ఆర్డిత్ ట్యాంకులోకి దిగి పైకి రాలేదు.
గాలి గొట్టం పట్టుకున్నది నేనే."

పుస్తకాల్లో రాతలు చెరపాలని రూలు.
చెరిపాను కిందటి శరత్తులో.
రబ్బరు పొట్టు ఉఫ్ మని ఊదేసి
టీ తాగాను.

ఇప్పుడు అదే చోట అదే మాట,
సిరాతో.
పేరుకి ఇంటిపేరు కలిసింది, స్టకెన్‌బర్గ్.
పంతొమ్మిదేళ్లు, అని కలిసింది.
దాని కింద, నాకు:
"ఈసారి చెరపకు, అమ్మాయీ."

నాకు యాభై ఎనిమిది.
నన్ను అమ్మాయీ అనగలిగేవాళ్లు
ఈ కౌంటీలో ఇంకెంతమంది మిగిలుంటారు?
మెట్లెక్కి వెళ్లి కౌంటరు దగ్గర నదీన్‌ని అడిగాను.
"గురువారం వస్తుందే, వృద్ధాశ్రమం వ్యానులో,
ముక్కుకి గొట్టం, పక్కన చక్రాల మీద సిలిండరు.
చదవదు. వేలు పెట్టుకుని కూర్చుంటుంది.
ఏం, పుస్తకం పాడుచేసిందా?"
లేదు, అన్నాను.

కిందికొచ్చి పాత దారం కోశాను.
ఫోటోకీ ఆ వాక్యానికీ మధ్య
ఒక తెల్లకాగితం పెట్టి
కలిపి కుట్టాను.
సూది దిగుతున్నప్పుడు తెలిసింది
ఈ చేతిపని మా అమ్మది,
ఆమె ఎక్కడ నేర్చిందో నేనెప్పుడూ అడగలేదు,
యుద్ధంలో పారాచూట్లు కుట్టారని మొదటి సంపుటంలో ఉంది,
అక్కడా పేర్లు లేవు.

కాగితానికి నంబరు వేయలేదు.
సూచిక పట్టుకుని వెతికేవాళ్లకి దొరకదు.
వేలితో వెతికేవాళ్లకి
పుస్తకం ఎలాగూ అక్కడే తెరుచుకుంటుంది.

సాయంత్రం మా సూపర్‌వైజరు ప్రేథర్ వచ్చి
పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
కొంచెం లావెక్కినట్టుందే, అన్నాడు.

జిగురు, అన్నాను.