మూడంగుళాల ఊపిరి

అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు.
నాలుగు తులాలు తూగుతుందేమో.
గవర్నరుపేటలో మెట్ల కింద కొట్టు నాగుల్‌మీరాది.
"రెండ్రోజులు ఉంచుకోండి మాస్టారూ,
మీరు బాగుందంటే పది తెప్పిస్తా" అన్నాడు.
నా చెవుల మీద వాడికున్న నమ్మకం
నా చెవుల డాక్టరుకి లేదు.

ఒకవైపు ఫోను, ఇంకోవైపు హెడ్‌ఫోన్సు.
అంకెలు తిని గాలి ఊదడం దీని పని.
ముందు ఏ పాటా పెట్టకుండా విన్నాను,
కొత్త కుండలో నీళ్లు పోసి
ఎక్కడ కారుతుందో చూసినట్టు.
బుస లేదు. గుయ్యిమనడం లేదు.
గెయిన్ పెంచితే మాత్రం ఎక్కడో దూరంగా
పెనం మీద నూనె చుక్క పడ్డంత చప్పుడట.
అది విన్నది నేను కాదు,
పై వాటాలో నర్సింగు చదివే తబిత.
తొమ్మిది వేల సైకిల్స్ దాటితే
నా చెవులకు ఉపవాసం.

డప్పు గట్టిగా దిగింది, బురదగా కాదు.
తాళాలు తాళాల్లాగే ఉన్నాయి, గాజుపెంకుల్లా లేవు.
గంటసేపటికి డబ్బా కాలింది.
మే నెల బెజవాడలో కాలనిదేది?
ఆ తప్పు దాని ఖాతాలో రాయలేదు.

ఆఖర్న సూర్యలింగం గారి పద్యం పెట్టాను.

ఎనభై ఆరు. గాంధీనగర్లో మేడ మీద గది,
కిటికీలకు గోనెపట్టాలు.
పద్యం చివర రాగం, నలభై సెకన్లు.
ముప్ఫయ్యో సెకనులో ఆయన ఊపిరి పీల్చాడు.
ఉబ్బసం మనిషి.
"అది తీసెయ్ అబ్బాయ్" అన్నాడు,
రిక్షాకి చిల్లర లెక్కపెట్టుకుంటూ.
బ్లేడుతో ఏటవాలుగా కోశాను.
మూడంగుళాల ఊపిరి
చుట్టలు తిరిగి నేల మీద పడింది.
రాగం అతుక్కుంది.
వెనక హార్మోనియం శ్రుతి మాత్రం
వెంట్రుకవాసి ఎగిరింది.
ఎవరూ పట్టలేదు.

ఒక్క గుక్కలో నలభై సెకన్లని
ఒంగోలు నుంచి రాజోలు దాకా చెప్పుకున్నారు.
ఆ తర్వాత ఏ స్టేజీ మీదా
ఆయన తన క్యాసెట్టుని అందుకోలేకపోయాడు.
జనం మైకుని తిట్టారు, పాపం.

నిన్న రాత్రి ఆ కోత వినపడింది.
ముప్ఫయ్యో సెకనులో సన్నగా,
తలుపు సందులో వెలుగు గీతలా.
ఆహా, ఇదిరా డబ్బా అంటే, అనుకున్నాను.
నాగుల్‌మీరాకి ఫోను కూడా చేయబోయాను.

కానీ వినడం వేరు, ఎరిగుండడం వేరు.
పొద్దున్నే తువ్వాలు కళ్లకు చుట్టుకున్నాను.
శబ్దం రెంటికీ సమానం చేయించి
ఒకసారి డబ్బాతో, ఒకసారి ఉత్త ఫోనుతో
తబిత తన ఇష్టమొచ్చినట్టు పదిసార్లు మార్చింది.
ఏది ఏదో చెప్పాలి నేను.
పదికి ఆరు.
బొమ్మా బొరుసూ వేసినా ఐదొస్తాయి.

కోత మాత్రం పదిసార్లూ వినపడింది.
డబ్బాతో, డబ్బా లేకుండా,
హెడ్‌ఫోన్సు తీసి బల్ల మీద పెట్టాక కూడా.
తబితకి ఇచ్చాను, సెకను చెప్పి మరీ.
చెవులకు చేతులు అదుముకుని, కళ్లు మూసుకుని
మూడుసార్లు వింది.
"ఏదీ అంకుల్? ఏమీ లేదే" అంది.
కాసేపాగి,
"ఏం ఊపిరితిత్తులండీ ఆయనవి!" అంది.

నేను టేపు సంగతి చెప్పలేదు.

సాయంత్రం కొట్టుకెళ్లాను.
"బ్యాటరీ ఏడు గంటలొచ్చింది.
ఉన్నదే చెప్తుంది, కలిపి చెప్పదు.
మంచి ఫోనున్నవాడికి పెద్ద తేడా తెలీదు,
అది దాచకుండా చెప్పి అమ్ము" అన్నాను.
నాగుల్‌మీరా అట్ట మీద
పెన్సిలుతో 'ఓకే' అని రాసుకున్నాడు.
"మీకోటి తీసిపెట్టనా మాస్టారూ?"

"నాకెందుకయ్యా" అన్నాను.
"ఆ జాక్ దగ్గర కొంచెం వదులుంది. చూసుకో."