ఎడమకాలి కొలత

సైంజ్ లోయలోకి మంచు దిగకముందే
గంజాయి కాడలు కోసి
ఇంటికప్పు మీద ఆరేస్తుంది నోఖీ.
మత్తు సంగతి వేరే. ఇది నార సంగతి.

మంచు దిగాక ఇంకేం పని,
తందూరు పక్కన చతికిలబడి
కాడ విరిచి, నార ఒలిచి,
తొడ మీద పేనుతుంది.
ఆ చోట చర్మం నున్నబడి ఎన్నేళ్లయిందో.

అడుగు నార, పైన మేకబొచ్చు దారం,
ఎరుపు, పసుపు, మధ్యలో ఒక నల్ల గీత.
తోలు పీలికైనా తగలకూడదు.
అందుకే దేవత ముంగిట్లోకీ, పొయ్యి దగ్గరికీ
వీటితోనే నడిచిపోవచ్చు.
పూలా అంటారు.
మన పూలతో చుట్టరికమేమీ లేదు.

ఈసారి రోడ్డు మూసే ముందు, ఆఖరి బస్సులో
కుల్లూ బజారు షావుకారు
పదకొండు జతలూ తిప్పి పంపాడు.
మూట దించుతూ కండక్టరు అన్నాడు:
"ప్రతి జతలోనూ ఎడమది పొట్టిట."

నోఖీ నమ్మలేదు.
తందూరు చుట్టూ వరస పేర్చింది.
కుడివన్నీ ముందుకొచ్చాయి.
ఎడమవన్నీ
రెండు వేళ్ల మందం వెనకే ఆగిపోయాయి.

తొమ్మిదేళ్ల కిందట
గొర్రెల్ని దింపుకొస్తూ కనుమ మీద
గేహరూ రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు.
ఆ చలికాలం అతని కోసం కొలత మార్చింది:
కుడికి జానెడు మీద నాలుగు వేళ్లు,
ఎడమకి జానెడు మీద రెండు.
ఒక్క జతే అల్లింది.

తర్వాత అతను రబ్బరు బూట్లు కొన్నాడు,
ఎడమదాని కొసలో గుడ్డ కుక్కి తొడుక్కుంటాడు.
పూలా తడిస్తే బరువు అంటాడు.
నిజమే కదా, ఆమె కాదనలేదు.
చేతులకి మాత్రం
ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆవుకి గడ్డి వేసి వచ్చాడు గేహరూ.
గడపలో బూట్లు విప్పి
వరసకేసి చూశాడు, చాలాసేపు.
"నాకిన్ని కాళ్లెక్కడివే?" అన్నాడు.
ఆమె నార ఉండ విసిరింది. తగల్లేదు.

అల్లడం కన్నా విప్పడం కష్టం.
కొస విప్పి, రెండు వేళ్లు పెంచి, మళ్లీ బిగించి
మాఘం వెళ్లేలోపు
పది జతలు సరిచేసింది.

పదకొండోది కనిపించలేదు.
వెతకలేదు.