పొగతోట, మూడో అంతస్తు

పరగడుపున ఒకసారి సూదేసి
తిన్నాక రెండు గంటలకి మళ్లీ రమ్మన్నారు.
రెండిడ్లీలు తినేదానికి రెండు గంటలు పట్టదు గదా.
పొగతోటలో కూర్చునే చోటు యాడుంది,
ఆస్పత్రుల ముందర ఆటోలు, ఆటోల్లో ముసలాళ్లు.
లాబ్ మెట్ల మీదే కూలబడ్డా.
పైనించి పియానో.
ఒకే ముక్క వాయించి, ఆపి, మళ్లీ అదే ముక్క.
సూది గుచ్చిన చోట దూది ఒత్తిపెట్టుకుని
పైకెక్కినా.

ఒక గోడంతా అద్దం.
అద్దం ముందర నడుమెత్తున పొడుగ్గా కొయ్య రాడ్డు.
దాన్ని పట్టుకోని ఏడుగురు పిల్లకాయలు
మడమలు కలిపి, మునివేళ్లు చెరో దిక్కుకి తిప్పి
తొమ్మిదింబావు చూపించే ముళ్లలాగా నిలబడి ఉండారు.
"ఎవరి అమ్మ మీరు?" అనింది టీచరు ఫర్హీన్,
మా చిన్న చెల్లెలికంటే చిన్నది.
ఎవరి అమ్మనూ కాను, అన్నా. రక్తం ఇయ్యను వచ్చుండా.
ఆమె నవ్వలా. గడియారం చూసి
"ఇంకా గంటన్నర ఉందిగా, చెప్పులిప్పి రండి" అనింది.

బ్యాలే అంట దీని పేరు.
నాకు భలే అని వినపడింది.

మోకాళ్లు వంచడాన్ని ప్లియే అంటారంట.
నా మోకాళ్లు అన్న మాట గదంతా వినపడింది.
ఎనిమిదేళ్ల వర్ణిక కిందికి వంగి
నా పాదాన్ని జాడీ మూత తిప్పినట్టు బయటికి తిప్పి
"పాదం కాదు ఆంటీ, తుంటి కాడ్నించి తిరగాల" అనింది.
తుంటి.
నలభై మూడేళ్లుగా అది నొప్పి పుట్టే చోటని తెలుసు,
దానికో తలుపు ఉండాదని తెలీదు.

ఫర్హీన్ నా వేళ్లు చూసింది.
"రాడ్డును అట్టా పిసకబాకండి.
ఆనీ ఆననట్టు పెట్టండి చెయ్యి. అది మిమ్మల్ని మొయ్యదు."

అది నాకు తెలుసు.
ఆ గదిలో నాకు తెలిసింది అదొక్కటే.
పద్దెనిమిదేళ్లు మైపాడు బస్సులో
ఒక చేత టిమ్ము, ఒక చేత చిల్లర, నోట్లు వేళ్ల సందున,
రాడ్డుకి మోచెయ్యి ఆనీ ఆనకుండా.
ఇందుకూరుపేట మలుపు కాడ పెంచలయ్య స్టీరింగు కోస్తే
చేపల తట్టలు, కాలేజీ పిల్లకాయలు, పెళ్లిబట్టల మూటలు
అన్నీ ఒక పక్కకి ఒరిగితే
నేను ఒరగలా.
దాన్నెవురూ విద్య అనలా.
డిపోలో దాన్ని డ్యూటీ అంటారు.

తిరగడం మాత్రం రాలా.
"ఒక గుర్తు మీద చూపు పెట్టండి. ఒళ్లు ముందు, తల ఆఖర్న."
కిటికీ అవతల పళ్ల డాక్టరు బోర్డు మీద పెట్టినా,
నవ్వే పన్ను బొమ్మ.
మొదటిసారి పన్ను కనపడింది.
రెండోసారి గోడ.
మూడోసారి వర్ణిక భుజం మీద పడ్డా.

కిందికొస్తే లాబ్ పిల్లోడు
"టైము దాటిపోయింది మస్తానమ్మగారూ, ఇంత చెమటేంది" అన్నాడు.
నూట అరవై రెండు వచ్చింది.
ఆ లెక్క తప్పో ఒప్పో మళ్లీ అడగలా.

శనివారాలు డ్యూటీ మార్చుకుండా,
బదులు రాత్రి సర్వీసు.
ట్యూషనని చెప్పినా డిపోలో. ఎవరికని ఎవురూ అడగలా.

మొన్న నా సీటు ఖాళీ పెట్టుకోని నిలబడి ఉంటే
గంగపట్నం కాడ ఎక్కిన ముసలామె
"కూచోరాదంటే, నిలబడ్డావేందిమే" అనింది.
నిలబడేది నేర్చుకుంటుండా పెద్దమ్మా.
"మరి ఇన్నేళ్లూ ఏం జేస్తుండావు?"
జవాబు దొరకలా.
సీనియర్ సిటిజన్ టికెట్టు కొట్టిచ్చినా.

బూట్లు నిన్న పార్సిల్లో వచ్చినాయి.
ఉడికిన రొయ్య రంగు, చెయ్యంత మెత్తన.
ఎలాస్టిక్ మనమే కుట్టుకోవాలంట.
ఇంట్లో ఆ రంగు దారం లేదు,
యూనిఫారం గుండీలు కుట్టే ఖాకీ దారం ఉండాది.
దాంతోనే కుడుతుండా.
కుడికాలిది అయిపోయింది.