కానుగ నంబరు తొమ్మిది

దసరా వెళ్లిన మూడో మంగళవారం,
బరంపురం గేటు బజారు, పొద్దున్న ఏడున్నర.
ఇనప నిచ్చెన మీద నేను,
కింద నిచ్చెన పట్టుకుని ఆవలిస్తూ ఫస్టియరు కుర్రాడు.
కానుగ నంబరు తొమ్మిది.
రోడ్డు వైపు పది ఆకులు, గోడ వైపు పది.
తొడిమ దగ్గర తుంచాలి, ఆకు ముఖానికి వేలు తగలకూడదు,
ఖాకీ కవరులో వేసి తేదీ రాయాలి.

"ఏటమ్మా, మందుకా ఆకులు?"
టీ బండి గురువులమ్మ.
"మందుకి కాదు, జబ్బు చూడ్డానికి."
"చెట్టుకా?"
"రోడ్డుకి."
ఆవిడ నవ్వింది. నవ్వి,
పాలగిన్నె మీద మూత పెట్టింది, ఎందుకో.

ల్యాబులో ఆకుకి నీళ్లు పోస్తాం,
చంటిబిడ్డ చెవి వెనక తుడిచినంత నెమ్మదిగా.
నీళ్లు పప్పు కడుగు రంగుకి, తర్వాత
ఇంకా చెప్పబుద్ధి కాని రంగుకి తిరుగుతాయి.
వడకట్టిన కాగితం ఆరాక
అయస్కాంతం దగ్గరికి తెస్తే
మసి సన్నటి వెంట్రుకల్లా లేచి నిలబడుతుంది:
బ్రేకుల దగ్గర అరిగిన ఇనుము,
లారీ కడుపులోంచి వచ్చిన నుసి.
గోడ వైపు ఆకుది ఎప్పుడూ కొంచెం తక్కువ.
చెట్టుకి మేం ఏ మీటరూ బిగించలేదు.
అది ఊరికే నిలబడింది, అన్నీ దాని మీద పడ్డాయి.

మా నాన్న చదివింది మూడు.
డేరా వీధిలో, వీధి గదిలో మగ్గం ఉన్న రోజుల్లో
తెల్లపట్టు పడుగు మీద సాయంత్రానికల్లా
ఒక బూడిద గీత పడేది.
"ఆటోలు పెరిగినాయి" అని
మగ్గాన్ని వెనక గదికి జరిపాడు.
తర్వాత కొన్నాళ్లకి తెలుపు నేయడమే మానేశాడు.
ఈ ఊళ్లో మొదటి రీడింగు అదేనేమో.
ఎవరూ రాసుకోలేదు.

నంబరు తొమ్మిది కింద డ్యూటీ దుర్యోధన్ గౌడది.
(మా వైపు ఆ పేరు మామూలే,
భారతం చదివినవాళ్లే ఉలిక్కిపడతారు.)
పన్నెండేళ్లుగా చెయ్యెత్తి బస్సుల్ని ఆపుతున్నాడు.
చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది,
పొగ ఆగదు.
ఆ రోజు నేను నిచ్చెన దిగుతుంటే
జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు.
"ఇదీ తూకం వెయ్యి, అపా. ఒక్క పూటది."
"దీనికి నంబరు లేదు."
"పది అని రాయి."
మా పట్టికలో పది అంటే పోస్టాఫీసు పక్క వేప.

అందరూ వెళ్లాక కడిగాను రుమాలు.
అయస్కాంతం దగ్గర అదే మసి,
అలాగే లేచి నిలబడింది,
మాస్టారు గదిలోకొస్తే పిల్లలు లేచినట్టు.
ఎక్కడ రాయాలో తెలీక
నా బస్సు టిక్కెట్టు వెనక రాశాను.

చెట్టుకి ఒక సుఖం ఉంది.
అక్టోబరులో సముద్రం తుపానుని పంపుతుంది,
రాత్రంతా విరిచి, కడిగి పోతుంది.
మిగిలిన ఆకు మర్నాడు దాదాపు సున్నా చూపిస్తుంది.
ఎండలు ముదిరే ముందు పాతదంతా రాల్చేసి
రాగిరంగు చిగురుతో
కొత్త ఖాతా తెరుచుకుంటుంది కానుగ.
దుర్యోధన్‌కి ఆకు రాలే కాలం లేదు.
పన్నెండేళ్ల ఆకులు లోపల,
ఒక్కటీ రాలకుండా.
దగ్గినప్పుడు గలగలమంటాయి.

ఈ మాట రిపోర్టులో పెట్టలేను.
రిపోర్టులో చెట్లే మాట్లాడతాయి,
అదీ నాలుగు దశాంశ స్థానాల వరకే.

మళ్లీ మంగళవారం వెళ్లేసరికి
రుమాలు నాలుగు మడతలు పెట్టి సిద్ధంగా ఉంచాడు.
అంచు మీద నీలం పెన్నుతో తేదీ, ఒడియా అంకెల్లో,
నేను కవరు మీద రాసే చోటే.
కింద, కుర్రాడిని అడిగి నేర్చుకున్న వంకర తెలుగులో:
రోడ్డు వైపు.

"గోడ వైపుది ఏదీ?" అన్నాను, నవ్వుతూనే.
"నాకు గోడ వైపు లేదు, అపా"
అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.
పర్లాకిమిడి బస్సు మలుపు తిరుగుతోంది.