ఊపిరి గుర్తు

జనవరి మొదటి మంగళవారం.
బ్రోకెన్ హిల్‌లో నలభై మూడు డిగ్రీలు.
ఆక్సైడ్ వీధి మూలన రేకుల కప్పు హాల్లో
ట్యూబాను ఒళ్ళోకి తీసుకుంటే
పొయ్యి మీది గుండిగను కావలించుకున్నట్టుంది.

కార్నెట్ల వాళ్ళంతా సెలవులకు సముద్రం వైపు పోయారు.
ఈ నెల హాలు మా ముగ్గురిదే,
అడుగు గొంతుల వాళ్ళం:
బాస్ ట్రోంబోన్ మెర్విన్ ట్రెజైజ్,
యుఫోనియం నోలా పాస్కో,
నేను.

ఏడాది పొడుగునా మేం చేసేదేమిటంటే
చెప్పుకోడానికి పెద్దగా లేదు.
డమ్ అంటాం. ఆగుతాం. డమ్ అంటాం.
పోయినేడు ఒక మార్చ్‌లో
నలభై ఎనిమిది ఖాళీ బార్లు తప్పకుండా లెక్కపెట్టి
నలభై తొమ్మిదో దాంట్లో తుమ్మాను.
ఎవరూ గమనించలేదు.
అదే బాధ.

అందుకే ఈ అలవాటు, నోలా పెట్టిందట
నేనీ ఊరికి రాకముందే:
కొత్త ఏడు రాగానే ఒక్కొక్కరూ
తమ వల్ల కానిదొకటి ఎంచుకోవాలి.
కాస్త కష్టమైనది లెక్కలోకి రాదు. అసలు కానిదే కావాలి.
డిసెంబరుకి వచ్చిందా అని
ఎవరూ ఎవర్నీ అడగకూడదు.

బీరువా తెరిస్తే పాత సిగరెట్ల వాసన,
ఎవరో పేజీల మధ్య మరిచిన లాటరీ టికెట్టు.
నోలా ఏడు దెబ్బల లెక్కది ఒకటి లాగింది.
బడి బస్సు నడిపే చెయ్యి,
ఏడు దగ్గర గేరు పడదు.
తకిట తకధిమి, అని తొడ మీద కొట్టి చూపించాను.
తాకిటా, తాకిటా, అని రెండుసార్లు తడబడి
తన నోటికి తగ్గట్టు మార్చుకుంది:
సాసేజ్ రోల్, టొమాటో సాస్.
మూడూ నాలుగూ.
సరిగ్గా సరిపోయింది.

నేను తీసింది చెల్లో కోసం రాసినది.
రాసిన పెద్దమనిషికి ఊపిరి సంగతి తట్టనే లేదు.
తీగకేం పని ఊపిరితో?
కమాను ఇటు పోతుంది, అటు వస్తుంది,
స్వరాలు చీమల బారులా వస్తూనే ఉంటాయి,
ఎక్కడా సందు ఉండదు.
నాకేమో అయిదున్నర మీటర్ల గొట్టం నింపాలి.
సగం పేజీకే కళ్ళ ముందు మిణుగురులు.

మెర్విన్ అందరికన్నా ఆఖర్న లేచాడు.
డెబ్బై నాలుగేళ్ళు, అందులో ముప్పై ఒకటి భూమి కింద,
సీసం, జింకు, వెండి.
ఆర్జెంట్ వీధి మందుల షాపులో ఉంటాను నేను.
అతని నీలం ఇన్‌హేలరు తెలుసు, ఊదా రంగుదీ తెలుసు,
నవంబరులో డోసు పెరిగిందనీ తెలుసు.
ఈ హాల్లో నాకేమీ తెలియదు.

అతను తెచ్చుకున్నది ఒక్క పేజీ.
నల్ల చుక్కలే లేవు, అన్నీ బోలు గుండ్రాలు,
కింద గొంతులో, మెత్తగా, ఆరేసి బార్లు ఒకే గీత కింద.
"ఇదా? పిల్లలు కూడా చదివేస్తారు," అంది నోలా.
"చదువుతారు," అన్నాడు.

వాయించాడు.
మూడో బార్లో శబ్దం సన్నబడింది,
వణికింది,
లేదు.
ఫ్యాను తిరుగుతోంది. పైన రేకులు ఎండకి టిక్ టిక్ అంటున్నాయి.
నోలా తన బూట్ల వైపు చూస్తోంది.

మెర్విన్ చెవి వెనక పెన్సిలు తీసి
ఆగినచోట, గీత పైన, ఒక కామా పెట్టాడు.
ఇక్కడ ఊపిరి, అని అర్థం.
"డిసెంబరు లోపల దీన్ని ఒక్క బారు అవతలికి నెట్టాలి," అన్నాడు,
స్టాండును జరపడం గురించి చెబుతున్నట్టే.
తర్వాత నా కాగితం చూసి,
"నీ గుర్తులేవీ? పడ్డచోటే పెట్టు.
పడదామనుకున్నచోట పెడితే
రేపొచ్చి నిన్ను నువ్వే నమ్ముతావు."

పెన్సిలు నా చేతిలోకొచ్చింది, చెమటతో తడిగా.
ఇరవై ఆరు కామాలు తేలాయి,
మొదటి పేజీకే.

గొట్టంలో చేరిన నీళ్ళను వదిలాను.
నా ఊపిరే అదంతా, సిమెంటు మీద చిన్న మడుగై
నేను చూస్తుండగానే అంచుల నుంచి ఆరుతూ వచ్చింది.

సాసేజ్ రోల్, అంటోంది నోలా మూలన, మెల్లగా.
నేను మొదటి బారుకి వచ్చాను.