ఒడ్డు ఏది

బోర్డు పాతిన దినం దాని కాళ్లకు నీళ్లు తగులుతుండె.
"తీరమునకు రెండు వందల మీటర్ల లోపు
పడవలు లంగరు వేయరాదు."
ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు.

మార్చి నెల దాటేసరికి కృష్ణ
కిలోమీటరు అవతలికి పోయి కూసున్నది.
ఇడిసిపోయిన ఒండ్రుల మాసన్న పుచ్చ గింజలు పెట్టిండు.
ఒక తీగ బోర్డెక్కి "రాదు"ను కప్పింది.
ఇప్పుడు దూరంనుంచి చూస్తే
"లంగరు వేయ" అని పిలుస్తున్నట్టుంటది.

ఆ ఆదివారమే డాక్టరు ప్రఫుల్ల సారు దొరికిండు.
పట్నంకెల్లి జీపెనక కట్టి తెచ్చిన తెల్ల పడవ,
ఒక పరుపు, గ్యాసు పొయ్యి, టార్చిలైటు.
సోమశిల కాడ నీళ్ల నడుమ ఒక్క రాత్రి పండాలె, అంతే ఆయన కోరిక.
గార్డు జమీలు టేపు పట్టుకొని దిగిండు.
ఏడికెల్లి కొలుస్తవు?
ఒడ్డుకెల్లి.
ఒడ్డు ఏది?
జమీలు బోర్డును చూసిండు, పుచ్చతీగను చూసిండు,
బురదల దిగిన తన బూటును చూసిండు.
ఎనిమిది వందల ఎనభై అయిదు అడుగులట ఒడ్డు.
కాయిదంల అది కదలదు.

నేనేం నీతిమంతున్ని గాను.
ఆ అర్జీ మీద నాలుగో వేలిముద్ర నాదే.
పోయిన దసరాకు వాళ్ల ఇనుప కొక్కెం
నా వల మీద పడి, మూడు నెల్ల అల్లిక
చీల్చుకొని పోయింది.
ఆపుండ్రి అన్న.
ఆపిండ్రు.
నా పుట్టిని గూడ.

చలానా మీద జమీలు తల గోక్కుంట రాసిండు:
లంగరు ఒకటి, రాయి.
అది మా అమ్మ ఇసుర్రాయిల కింది బిళ్ల.
ముంపుల ఊరిడిసిననాడు
తలుపులు బండికెక్కినయి, ఇది అమ్మ నెత్తికెక్కింది.
విరిగినంక తాడు కట్టి పుట్టిల ఏసుకున్న.

సారు పైసలు కట్టి, రసీదు మడిచి,
"మరి యాడ ఆగాలె పెద్దమనిషీ?" అని నన్నే అడిగిండు.
వల చింపినోడో కాదో, మొకంల తెలుస్తదా?
చీకటైనంక ముందు నా పుట్టి, ఎనక ఆయన పడవ.
బురదల లంగరు జారుతది.
పట్టు దొరికే జాగ ఒక్కటే ఉన్నది, నాకెరుక.
తాడు ఇడిసిన. ముప్పై అడుగులు.
టక్కుమన్నది, రాయి మీద రాయి.

"కింద ఏమున్నది?" అన్నడు సారు.
బండలున్నయి, పండుకో అన్న.