ఖసబ్‌లో ఈల

వీపున సంచి. ఇది పదకొండో దీవి.
ఖసబ్ రేవులో చేతికి పసుపు పట్టీ కట్టి
మమ్మల్ని లెక్కపెట్టి పడవెక్కించారు.
తివాచీ, టీ, ఖర్జూరాలు, సముద్రం
అన్నీ టికెట్టులోనే.

కొండల మధ్య నీళ్లు ఇరుకు.
అటు ఆరు పడవలు, ఇటు నాలుగు,
నడుమ రెండు డాల్ఫిన్లు.
రమ్మని అందరూ ఈలలు వేశారు. నేనూ వేశాను.
నాదే గట్టిగా వినపడింది.

పళ్లేలు కడుగుతున్న లింబాద్రిది కోరుట్ల.
"రోజూ చూస్తావు, అదృష్టవంతుడివి" అన్నాను.
"ఉరుకంగనే సూసిన సార్.
నిమ్మలంగ ఉండంగ ఎన్నడు సూడలే."

నీళ్లలోకి ఉమ్మబోయిన ఖర్జూరం గింజ
తీసి జేబులో వేసుకున్నాను.

రాత్రి గదిలో
పళ్లతో కొరికినా
పట్టీ తెగలేదు.